చమురు దేశంలో యువతకు పెట్టుబడి: నైజీరియా ‘యువిన్’ పథకంపై ఒక సమీక్ష

2011 అక్టోబరులో నైజీరియా అధ్యక్షుడు గుడ్‌లక్ జొనాథన్ ప్రారంభించిన ‘యువిన్’ పథకాన్ని నేనిక్కడ ఒక సేవగా తీసుకొని సమీక్షిస్తున్నాను. నలభై ఏళ్లు దాటని పౌరులు కొత్తగా పెట్టదలచిన వ్యాపారం గురించో, ఇప్పటికే నడుపుతున్న వ్యాపారాన్ని పెంచుకోవడం గురించో ఒక ప్రణాళిక రాసి పోటీకి పంపితే, గెలిచినవారికి ప్రభుత్వం గరిష్ఠంగా కోటి నైరాల దాకా పెట్టుబడి ఇచ్చింది. అది తిరిగి కట్టవలసిన అప్పు కాదు, దానికి బదులుగా వ్యాపారంలో వాటా రాసివ్వవలసిన పనీ లేదు. సగటున ఒక్కొక్కరికి దాదాపు 50,000 అమెరికన్ డాలర్లు అందాయి. యువత కోసం ప్రభుత్వాలు ప్రకటించే పథకాల్లో ఇంత మొత్తం ఒక్క మనిషి చేతికి వెళ్లడం అరుదు. విజేతల్లో సగానికి పైగా మందిని లాటరీ తీసి ఎంపిక చేయడం మరీ అరుదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. భూమిలో దొరికే ఒక్క సరుకు మీద బతికే దేశాల్లో యువత చేత వ్యాపారం పెట్టించడానికి జరిగిన ప్రయత్నాల్లో, నేను చదివినంతలో, తనను తాను ఇంత నిజాయితీగా పరీక్షకు పెట్టుకొన్నది మరొకటి లేదు. దానిలోని లోపం కూడా చిన్నది కాదు. ఆ లోపం డబ్బు వచ్చిన దారిలోనే ఉంది.

ఈ పథకం నన్ను ఇంతగా పట్టి నిలపడానికి ఒక కారణం ఉంది. నేను చాలా ఏళ్లుగా యువతకు వ్యాపార ప్రణాళిక రాయడం, రోజువారీ జమాఖర్చుల పుస్తకం నడపడం నేర్పుతున్నాను. పోటీల్లో ఆ ప్రణాళికలకు మార్కులు వేసే బల్ల దగ్గర కూడా కూర్చున్నాను. కాబట్టి ఇటువంటి సేవ ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ మాటలతో సరిపెడుతుంది అన్నది నాకు కాగితం మీది ప్రశ్న మాత్రమే కాదు.

ముందుగా ఆ సేవ పుట్టిన నేల గురించి చెప్పాలి, ఎందుకంటే నేలను వదిలేసి చూస్తే ఇది కేవలం ఒక బహుమతి పోటీలా కనిపిస్తుంది. నైజీరియాలో వాణిజ్యానికి పనికివచ్చే చమురు 1956లో నైజర్ డెల్టాలోని ఒలోయిబిరి దగ్గర బయటపడింది. 1958లో మొదటి ఎగుమతి జరిగింది. అంతకుముందు ఆ దేశానికి పంటలే ఆదాయం. ఉత్తరాన కానో నగరంలో వేరుసెనగ బస్తాలను పిరమిడ్ల ఆకారంలో పేర్చి ఓడరేవుకు పంపేవారు, పడమటి ప్రాంతం కోకోకూ తూర్పు ప్రాంతం పామాయిలుకూ పేరుపడ్డాయి. 1970ల నాటి చమురు ధరల పెరుగుదల తరువాత ఆ పిరమిడ్లు పాత ఫొటోల్లో మిగిలాయి. దశాబ్దాల పాటు ఎగుమతి ఆదాయంలో నూటికి తొంభైకి పైగా చమురు నుంచే వచ్చింది. నెదర్లాండ్స్‌లో 1959లో గ్రోనింగెన్ సహజవాయువు నిక్షేపం దొరికాక అక్కడి కర్మాగారాలు చితికిపోయిన తీరును చూసి, 1977లో ఎకనామిస్ట్ పత్రిక దీనికి ‘డచ్ జబ్బు’ అని పేరు పెట్టింది. ఎగుమతి డాలర్లు వెల్లువగా వచ్చిపడితే దేశపు కరెన్సీ బలపడుతుంది, బయటి సరుకు చవకవుతుంది, స్థానికంగా పండించేవాడూ తయారుచేసేవాడూ ఆ ధరకు నిలవలేక తప్పుకొంటాడు.

యువత విషయంలో ఈ జబ్బుకు ఇంకొక లక్షణం ఉంది, నా దృష్టిలో అదే ఎక్కువ హాని చేస్తుంది. చమురు తవ్వకానికి కావలసింది యంత్రాలు, పెట్టుబడి. మనుషులు చాలా కొద్దిమంది చాలు. ఆదాయం మాత్రం నేరుగా ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది. అటువంటి చోట చదువు పూర్తిచేసిన కుర్రవాడు తన చుట్టూ చూసినప్పుడు, బాగుపడినవారిలో ఎక్కువమంది ఏదో ఒక కాంట్రాక్టు, ఏదో ఒక లైసెన్సు, ఎవరో ఒకరి సిఫారసు ద్వారా ఆ ఖజానాకు దగ్గరైనవారే కనిపిస్తారు. వస్తువు చేసి అమ్మడం కంటే పైరవీ చేయడం లాభసాటి అని అతనికి ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు. అందుకే ఇటువంటి దేశంలో ‘యువతకు ప్రభుత్వ పెట్టుబడి’ అన్న ప్రకటన వినగానే జనం మొదట అడిగేది ఎంత ఇస్తారని కాదు, ఎవరివాళ్లకు ఇస్తారని.

యువిన్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది ఆ ప్రశ్నకు అది చెప్పిన సమాధానం. మొదటి విడతకు 24,000కు కొద్దిగా తక్కువ దరఖాస్తులు వచ్చాయి. వాటిలో నుంచి 6,000 మందిని నాలుగు రోజుల శిక్షణకు పిలిచారు. శిక్షణ తరువాత వచ్చిన ప్రణాళికలకు మార్కులు వేసి 2,400 మందిని తుది వడపోతకు తీసుకొన్నారు. అందులో 480 మందిని దేశం మొత్తం మీదా, ఆరు మండలాల వారీగానూ మెరుగైన మార్కులను బట్టి నేరుగా గెలిపించారు. మిగిలినవారిలో నుంచి ఏడు వందలకు పైగా మందిని లాటరీ ద్వారా ఎంపిక చేసి, మొత్తం విజేతలను 1,200 చేశారు. అర్హత ఉన్నవాళ్లంతా ఒక గట్టు మీదికి చేరాక, ఎవరు లోపల, ఎవరు బయట అన్నది ఏ అధికారి చేతిలోనూ లేదు. ఓడినవాడికి బాధ ఉంటుంది గాని అవమానం ఉండదు. పైరవీకి అలవాటుపడిన సమాజంలో ఇది చాలా పెద్ద విషయం.

లాటరీ వల్ల రెండో మేలు కూడా జరిగింది. లాటరీలో గెలిచినవారికీ గెలవనివారికీ మధ్య తేడా అదృష్టం ఒక్కటే కాబట్టి, తరువాతి ఏళ్లలో వారి మధ్య ఏర్పడిన ఎడం ఆ డబ్బు వల్ల వచ్చినదే అని గట్టిగా చెప్పగలిగారు. ప్రపంచబ్యాంకు ఆర్థికవేత్త డేవిడ్ మెకెంజీ దరఖాస్తుదారులను అయిదేళ్లపాటు వెంబడించి, 2017లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో ప్రచురించిన ఫలితాలు ఇవి. మూడేళ్ల తరువాత చూస్తే, కొత్తగా వ్యాపారం పెడతామన్నవారిలో లాటరీలో గెలిచినవారు, గెలవనివారి కంటే నూటికి 37 మంది ఎక్కువగా వ్యాపారం నడుపుతున్నారు. అప్పటికే వ్యాపారం ఉన్నవారిలో ఆ తేడా నూటికి 20. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనివారున్న సంస్థగా ఎదిగే అవకాశం రెండు వర్గాల్లోనూ నూటికి ఇరవైకి పైగా పెరిగింది. ఈ చివరి అంకె దగ్గర కాస్త ఆగాలి. పేద దేశాల్లో చిన్న వ్యాపారమంటే చాలావరకు ఒక్క మనిషి నడిపే దుకాణమే. అది ఆ ఒక్క ఇంటికి తిండి పెడుతుంది తప్ప పక్కింటివాడికి కొలువు ఇవ్వదు. పదిమందికి జీతం ఇచ్చే స్థాయికి చేర్చడం ఏ శిక్షణా కేంద్రానికీ అంత తేలికగా సాధ్యమైన పని కాదు.

ఇక నన్ను కలవరపెట్టిన ఫలితం గురించి. మెకెంజీ, డారియో సాన్సోనె కలిసి 2019లో ప్రచురించిన మరో అధ్యయనంలో, ఇదే పోటీలో నిర్ణేతలు వేసిన మార్కులను విజేతలు తరువాత సాధించిన ఫలితాలతో పోల్చి చూశారు. ఎవరు ఎదుగుతారో ముందుగా చెప్పడంలో ఆ మార్కులు దాదాపు పనికిరాలేదు. వయసు, లింగం, రంగం, తెలివితేటల పరీక్ష వంటి నాలుగైదు సాధారణ వివరాలతో కట్టిన లెక్క నిర్ణేతల కంటే తీసిపోలేదు. కంప్యూటర్‌కు వందల వివరాలు ఇచ్చి నేర్పించినా అది కూడా పెద్దగా మెరుగుపరచలేకపోయింది. వాన రాకడ, ప్రాణం పోకడ తెలియవంటారు. వ్యాపారం నిలకడను కూడా ఆ వరుసలో చేర్చుకోవలసి వస్తుంది.

ఇది చదివిన రాత్రి నేను నా పాత మార్కుల పట్టీలు తీసి చూసుకొన్నాను. ఒక పోటీలో ఒక అమ్మాయి పాత స్కూలు యూనిఫారాలు కొని, బాగుచేసి, తిరిగి అమ్మే ప్రణాళిక ఇచ్చింది. రెండే రెండు పేజీలు, చేతిరాత. నెలనెలా దారానికెంత, గుండీలకెంత, ఇస్త్రీకెంత అని విడివిడిగా రాసి, అడుగున మొత్తం వేసింది. ఆ కూడిక సరిపోయింది. ఆమె తరువాత వచ్చిన ప్రణాళిక నలభై పేజీలది, రంగుల పటాలతో ఉంది; మూడో ఏడాది లాభం దగ్గర దాని అంకెలు పొసగలేదు. ‘సమర్పణ తీరు’ అన్న గడిలో ఆ అమ్మాయికి పదికి మూడు వేసింది నేనే. ఆ సంతకం నాదే. నేను చూసిన పోటీ పథకాల్లో ఏ ఒక్కటీ తన నిర్ణేతల మార్కులను ఇలా బయటపెట్టి, అవి ఫలించాయో లేదో పరీక్షించలేదు. యువిన్ పరీక్షించడానికి అవకాశం ఇచ్చింది. ఆ ఒక్క కారణానికే దానికి నేను నా మనసులో చాలా ఎత్తున చోటిచ్చాను.

డబ్బు ఇచ్చిన పద్ధతి కూడా గమనించదగినది. మొత్తాన్ని ఒక్కసారిగా చేతిలో పెట్టలేదు. నాలుగు విడతలుగా, ముందుగా ఒప్పుకొన్న మైలురాళ్లను చేరినప్పుడల్లా విడుదల చేశారు. ఒక రొట్టెల బట్టీ పెట్టదలచిన యువకుణ్ని ఊహించుకోండి. మొదటి విడతతో సంస్థను నమోదు చేయించి, షెడ్డుకు అద్దె కడతాడు. రెండో విడతతో పిండి కలిపే యంత్రం, బట్టీ కొంటాడు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని దేశం కనుక డీజిల్ జనరేటర్ కొనక తప్పదు, అది లేకపోతే కలిపిన పిండి మధ్యలోనే పులిసి పారబోయవలసి వస్తుంది. పెట్టుబడిలో పెద్ద ముక్క ఇలా రొట్టె మీద కాక విద్యుత్తు మీద ఖర్చవుతుంది. అయిదు వందల డాలర్ల సాయం ఇక్కడ ఎందుకు సరిపోదో, యాభై వేల డాలర్లు ఎందుకు తేడా తెచ్చాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. విజేతలు ఎదగడానికి కారణం పరిచయాలు పెరగడమో, సలహాదారులు దొరకడమో, ఆత్మవిశ్వాసం కలగడమో కాదని, ఎక్కువ పెట్టుబడి సామగ్రి కొనగలగడం, ఎక్కువమందిని పనిలో పెట్టుకోగలగడమేనని మెకెంజీ అధ్యయనం తేల్చింది. ప్రేరణ ప్రసంగాలతో యువతను పారిశ్రామికవేత్తలుగా మార్చవచ్చునని నమ్మే సంస్థలన్నీ ఈ ఒక్క వాక్యాన్ని గోడ మీద రాసుకోవాలని నేను మనఃపూర్వకంగా కోరుతున్నాను.

అయితే డబ్బే సర్వస్వమని కూడా దీన్నిబట్టి తీర్మానించరాదు. రాగి ఎగుమతుల మీద ఆధారపడిన చిలీ 2010లో ప్రారంభించిన ‘స్టార్టప్ చిలీ’ పథకం, దేశవిదేశాల యువ వ్యవస్థాపకులను రప్పించి దాదాపు 40,000 డాలర్లు వాటా అడగకుండా ఇచ్చింది. ఆ పథకాన్ని పరిశీలించినవారికి, డబ్బూ కూర్చునే చోటూ మాత్రమే పొందినవారిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వాటితో పాటు క్రమం తప్పని బోధన, ఎప్పటికప్పుడు పనికి జవాబు చెప్పుకోవలసిన ఏర్పాటు దొరికినవారే ముందుకు వెళ్లారు. రెండు దేశాల ఫలితాలు ఒకదానినొకటి కొట్టివేస్తున్నట్టు కనిపించినా, నాకు అలా అనిపించలేదు. చిలీకి వచ్చినవారు ఎక్కువగా కంప్యూటర్ల మీద ఆధారపడే సంస్థలవారు, వాళ్లకు యంత్రాల కొరత లేదు. నైజీరియాలో బట్టీ, కుట్టు మిషను, కోళ్ల షెడ్డు పెట్టేవాడికి కొరతంతా అక్కడే ఉంది. దేనికి కొరత ఉందో చూసి దాన్ని ఇవ్వడమే మంచి సేవ లక్షణం. నైజీరియాలోనే ప్రైవేటు రంగంలో టోనీ ఎలుమెలు ఫౌండేషన్ 2015 నుంచి ఆఫ్రికా ఖండమంతటి నుంచి ఎంపికచేసిన యువతకు శిక్షణతో పాటు 5,000 డాలర్లు ఇస్తోంది. అది చాలా ఎక్కువమందికి చేరుతుంది, కాని జనరేటర్ కొనవలసినవాడికి ఆ మొత్తం సగం దారిలోనే అయిపోతుంది.

లోపాల సంగతికి వస్తాను. మొదటి విడత పోటీ దరఖాస్తుదారుల్లో స్త్రీలు అయిదోవంతు కంటే తక్కువే ఉన్నారు. నిర్వాహకులు దీన్ని గుర్తించి రెండో విడత పోటీని పూర్తిగా స్త్రీలకే కేటాయించారు. దిద్దుబాటు త్వరగా జరిగింది కనుక దీని మీద నేను ఎక్కువ పట్టుబట్టను. దరఖాస్తు పెట్టడానికి కావలసిన చదువు, ఇంటర్నెట్టు అందుబాటు, ప్రణాళిక రాయగల భాష ఇవన్నీ ఉన్నవారే గట్టు దాకా రాగలిగారన్నది ఇంకొక పరిమితి. లాటరీ న్యాయంగా జరిగినా, లాటరీ దాకా నడిచే దారి అందరికీ ఒకేలా లేదు.

అసలైన లోపం వేరు. ఈ పథకానికి డబ్బు ఇచ్చినది చమురు ఆదాయంతో నడిచే బడ్జెట్టు. పథకం పుట్టిన 2011లో పీపా చమురు నూరు డాలర్ల పైన పలికింది. 2014 మధ్య నుంచి ధర జారడం మొదలై, 2016 జనవరికి ముప్పై డాలర్ల దిగువకు వచ్చింది. 2015 జూన్‌లో నైజీరియా కేంద్రబ్యాంకు 41 రకాల దిగుమతి సరుకులకు డాలర్లు ఇవ్వబోమని ప్రకటించింది. 2016 జూన్‌లో నైరాను బిగించి పట్టుకొన్న మారకపు రేటును వదిలేసింది. ఆ ఏడాది దేశం మాంద్యంలో పడింది. విదేశీ యంత్రపు విడిభాగం కొనవలసిన చిన్న తయారీదారుకు ఇది నేరుగా తగిలిన దెబ్బ. చమురు కొలువులు, ప్రభుత్వ కాంట్రాక్టులు ఎండిపోయి, యువత తన కాళ్ల మీద తాను నిలబడవలసిన అవసరం అందరికంటే ఎక్కువగా ఏర్పడిన సమయం అదే. సరిగ్గా అప్పుడే ఇంత పెద్ద మొత్తాలు ఇవ్వగల ఖజానా లేకుండా పోయింది. ప్రభుత్వం మారాక 2017లో ‘యువిన్ కనెక్ట్’ పేరుతో వచ్చిన రూపంలో వ్యాపార బోధనకు ప్రాధాన్యం పెరిగింది, పాత స్థాయి పెట్టుబడి తిరిగి రాలేదు. ధర బాగున్నప్పుడు గొడుగు పంచి, వాన మొదలయ్యాక పంచడం మానేసినట్టయింది.

దీనికి విరుగుడు తెలియనిది కాదు. నార్వే 1990లో చట్టం చేసి, 1996 నుంచి చమురు మిగులును ఒక నిధిలో వేస్తూ వచ్చింది. నైజీరియా కూడా 2004లో అదనపు ముడిచమురు ఖాతాను, 2011లో ఒక బిలియన్ డాలర్లతో సార్వభౌమ పెట్టుబడి సంస్థను ఏర్పాటుచేసుకొంది. కాని మొదటి ఖాతాలోని సొమ్మును రాష్ట్రాలూ కేంద్రమూ ధరలు బాగున్న కాలంలోనే చాలావరకు తోడుకొన్నాయి. యువతకు ఇచ్చే పెట్టుబడిని ఏటా బడ్జెట్టులో వెతుక్కోకుండా, అటువంటి నిధిలో విడిగా కట్టిపెట్టి, చమురు ధర ఒక హద్దు కిందికి పడినప్పుడు విజేతల సంఖ్య పెంచేలా నియమం పెట్టి ఉంటే, ఈ సేవను నేను ఏ మినహాయింపూ లేకుండా సిఫారసు చేసేవాణ్ని. పూర్తిగా మంచిదైన ఎంపిక పద్ధతినీ, చాలినంత మొత్తాన్నీ కలిపి ఇవ్వగలిగినవారికి, దాన్ని చెడు కాలంలో కొనసాగించే ఏర్పాటు కూడా చేసే శక్తి ఉండేదని నా నమ్మకం. అందుకే ఈ లోపం నన్ను ఎక్కువ బాధిస్తుంది.

యువిన్ గురించి చదివిన తరువాత నా పాఠాల్లో రెండు మార్పులు చేసుకొన్నాను. ఒకటి, ‘సమర్పణ తీరు’ గడిని మార్కుల పట్టీ నుంచి తీసేశాను. ఆ చోట నెలవారీ ఖర్చుల కూడిక సరిపోయిందో లేదో చూసే గడి పెట్టాను. రెండోది, ప్రణాళిక చివర ఒక కొత్త పేజీ చేర్చాను. అందులో తన సరుకు కొనబోయే ఖాతాదారుల పేర్లన్నీ రాయాలి, ప్రతి పేరుకు ఎదురుగా వారి ఆదాయం చివరికి ఎక్కడినుంచి వస్తుందో రాయాలి. గని మీద బతికే ఒక పట్టణం నుంచి వచ్చిన కుర్రవాడు లారీల టైర్లు, బ్రేకులు మరమ్మతు చేసే దుకాణం పెడతానని వచ్చాడు. మంచి పనిమంతుడు, లెక్క కూడా చక్కగా ఉంది. ఆ పేజీలో పదకొండు పేర్లు రాశాడు. ఎదురుగా వరుసగా గని, గని, గని అని తొమ్మిది సార్లు రాసి, కలం ఆపి, చాలాసేపు ఆ వరుసనే చూస్తూ కూర్చున్నాడు. తరువాత నన్నేమీ అడగకుండా, పన్నెండో గీత మీద పాలు మోసే వ్యాను పేరు, పదమూడో గీత మీద బడి బస్సు పేరు రాసి, వాటి బ్రేకులకు ఏ విడిభాగాలు కావాలో తెలుసుకొని వస్తానని చెప్పి బయటికి వెళ్లాడు.